కందకం అవతల ఉందని అరిచాము



పోయిన నెలలో మన బడి నుంచి 9వ తరగతి వాళ్ళము హైదరాబాదు జూపార్కుకు పోయి వచ్చాము. వచ్చే నెలలో 8వ తరగతి చెల్లెళ్ళు పోతున్నారు. పోయిన సంచికలో మా క్లాసు అమ్మాయి "మా విహారయాత్ర" అని రాసింది. ఎన్ని గంటలకు బయలుదేరాము, ఏమేమి చూశాము, ఏమి తిన్నాము, అన్నీ అందులో ఉన్నవి. బాగా రాసింది. కానీ జంతువుల ముందట మేము ఎట్లా ఉన్నామో అది మాత్రం అందులో లేదు. ఆ సంగతి రాయడానికే ఈ వ్యాసం. ఇది నా అభిప్రాయం మాత్రమే. నచ్చనివారు పక్కన అంటించిన తెల్లకాగితం మీద రాయవచ్చును. పేరు పెట్టి రాయండి.

జూపార్కు గురించి

మొదట తెలియనివారి కోసం కొన్ని సంగతులు. దాని పూర్తి పేరు నెహ్రూ జూలాజికల్ పార్కు. బహదూర్‌పురాలో మీరాలం చెరువు పక్కన ఉన్నది. 1963 అక్టోబరు 6న ప్రజల కోసం తెరిచారు. 380 ఎకరాలు. మన బడి, హాస్టలు, ఆటస్థలం అంతా కలిపితే ఐదు ఎకరాలు అని పి.ఇ.టి. సారు చెప్పారు. అంటే మన బడి లాంటివి డెబ్బై ఆరు పడతవి. సోమవారం సెలవు. మన దేశంలో సింహాల సఫారీని మొట్టమొదట 1974లో ఇక్కడే పెట్టారు. రాత్రి తిరిగే జంతువుల కోసం ఒక చీకటి ఇల్లు ఉన్నది. అది కూడా దేశంలో మొదటిది, 1982లో కట్టారు. దాని లోపల పగలు చీకటి చేస్తారు, రాత్రి లైట్లు వేస్తారు. అందువల్ల ఆ జంతువులు మన పగటిని రాత్రి అనుకుని మేలుకొని తిరుగుతవి. మనము చూడగలుగుతాము. ఈ ఉపాయం ఎవరికి తోచిందో గానీ చాలా గొప్పది.

మన శంషాబాద్ నుంచి దూరం కూడా కాదు. గగన్‌పహాడ్ దాటి ఆరాంఘర్ చౌరస్తా వస్తుంది. అక్కడి నుంచి జూపార్కు దాకా 2025 జనవరిలో కొత్త ఫ్లైఓవర్ తెరిచారు. దాని మీద బస్సు పోతుంటే కింద ఇండ్ల కప్పుల మీద ఆరేసిన బట్టలు కనిపించినవి. గంట కూడా పట్టలేదు. పాటలు పాడుకుంట పోయాము.

"ఏం కనిపించలేదు"

జూపార్కులో నాకు అన్నిటికంటే ఎక్కువ వినిపించిన మాట ఏమిటో తెలుసునా? పులి గాండ్రింపు కాదు. "ఏం కనిపిస్త లేదు పా" అనే మాట. ప్రతి చోటా ఇదే. పులి చెట్టు కింద నీడలో పడుకుంటే "పండుకుంది, ఏం లేదు పా" అన్నారు. మొసలి నీళ్ళలో ముక్కు మాత్రం బయట పెడితే "రాయి లెక్క ఉంది, పా" అన్నారు. ఒకాయన తన కొడుకును భుజాల మీద ఎక్కించుకుని చిరుత దగ్గర నిలబడ్డాడు. నేను లెక్క పెట్టాను. ఇరవై లెక్క పెట్టేలోపలనే పోయాడు. "పైసలు దండుగ" అన్నాడు.

నేను కూడా మొదట అట్లనే అనుకున్నాను, అబద్ధం చెప్పను. తర్వాత ఆలోచిస్తే నాకు నవ్వు వచ్చింది. మాది నల్లమల. మేము చెంచులము. మా పెంట అమ్రాబాద్ పులుల అడవి లోపల ఉంది. నాకు పద్నాలుగు ఏండ్లు. ఇంతవరకు అడవిలో పులిని కండ్లతో చూడలేదు. మా అన్న (పెద్దనాయిన కొడుకు) అటవీశాఖలో పులుల అడుగులు చూసే పని చేస్తాడు. ఆయన కూడా అడుగులు, పేడ, చెట్టు మీద గోళ్ళ గీతలు చూస్తాడు. పులి కనిపించేది ఎప్పుడో ఒకసారి. పులి కనిపించని రోజు మా ఇంట్లో ఎవరూ "దండుగ" అనరు. కనిపించలేదంటే అది బాగున్నది, మనమూ బాగున్నము అని లెక్క.

పడుకోవడం, దాక్కోవడం, నీడకు పోవడం జంతువు పని. టికెట్టు మనము కొన్నాము. అది కొనలేదు.

చీకటి ఇంట్లో ఏమైందంటే, దేవాంగ పిల్లి పెద్ద కండ్లు పెట్టుకుని కొమ్మ మీద మెల్లగా నడుస్తున్నది. మేము కండ్లు చీకటికి అలవాటు చేసుకుంట నిలబడ్డాము. అంతలో వెనుక నుంచి ఒకరు ఫోను లైటు వేశారు. వెంటనే ఇంకా ముగ్గురు వేశారు. అది తల దాచుకుంది. మా మేడం "బాబూ, లైటు ఆపండి" అంటే "ఒక్క ఫోటో మేడం" అన్నారు. ఒక్క ఫోటో, ఒక్క ఫోటో అని ఎంతమంది? రోజుకు ఎన్ని వందల లైట్లు? 1982 నుంచి దాని కోసం పగలును రాత్రి చేసి పెడుతున్నారు. మనము ఒక్క నిమిషంలో మళ్ళీ పగలు చేస్తున్నాము.

గుడ్డెలుగు దగ్గర నేను చేసిన పని

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను.

గుడ్డెలుగు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండు అయింది. మధ్యలో కందకం ఉంది. అవతల గట్టు. ఎలుగు మాకు వీపు చేసి నీడలో పడుకుంది. అప్పటికే అక్కడ చాలామంది ఉన్నారు. "ఏయ్ భాలూ" అని అరుస్తున్నారు. ఈలలు వేస్తున్నారు. ఒక పిల్లవాడు పల్లికాయలు విసిరాడు. అవి కందకంలో పడినవి. ఎలుగు కదలలేదు.

మా క్లాసు వాళ్ళు నా వైపు చూశారు. "నువ్వు అడవి నుంచి వచ్చినవ్ గదనే, నీకు వస్తది, నువ్వు పిలువు" అన్నారు.

నాకు వస్తుంది. మా మేనమామ నేర్పాడు. ఎలుగుపిల్ల తల్లి కోసం ఏడ్చినట్టు కూత పెట్టడం. మామ అది ఇంట్లో పిల్లలను నవ్వించడానికి చేస్తాడు. అడవిలో మాత్రం ఎన్నడూ కూయొద్దని చెప్పాడు. "కూస్తే తల్లి వస్తది. వచ్చినంక ఏం జేస్తవ్?" అన్నాడు.

నేను రెండు చేతులు నోటికి పెట్టుకుని ఆ కూత పెట్టాను.

ఎలుగు లేచింది. తల ఎత్తి ముక్కు గాలిలో పెట్టి ఇటు అటు తిప్పింది. గట్టు చివర దాకా నడిచి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. మా క్లాసు వాళ్ళు నన్ను ఎత్తుకున్నంత పని చేశారు. "మళ్ళా, మళ్ళా" అన్నారు. నేను మళ్ళీ కూశాను. మూడుసార్లు కూశాను. అది కందకం పొడుగునా అటు ఇటు తిరుగుతూ వెతికింది.

అక్కడ పని చేసే ఒక పెద్దాయన వచ్చి, "బిడ్డా, అట్ల చెయ్యొద్దమ్మా. ఇగ అది పండుకోదు" అన్నాడు. తిట్టలేదు. మెల్లగానే చెప్పాడు. నేను సరే అన్నాను గానీ లోపల గర్వంగానే ఉంది. ఎందుకంటే నన్ను ఎప్పుడూ లెక్కల్లో గానీ ఇంగ్లీషులో గానీ అట్లా మెచ్చుకోలేదు ఎవరూ.

మా తాత ఎడమ చెంప మీద మూడు గీతలు ఉన్నవి. తేనెకు పోయినప్పుడు ఎలుగు గీరింది. అయినా తాత ఎలుగును ఏమీ అనడు. "నేనే దాని దారిల పోయిన" అంటాడు. చిన్నప్పటి నుంచి మాకు చెప్పేది ఏమిటంటే, ఎలుగు తిరిగే చోట దగ్గుకుంట, మాట్లాడుకుంట పోవాలి. మనము వస్తున్నట్టు దానికి తెలిస్తే అదే పక్కకు పోతుంది. ఒకవేళ ఎదురుపడితే అరవొద్దు, ఉరకొద్దు. మెల్లగా వెనక్కి జరగాలి. నేను ఒకసారి గడ్డలు తవ్వబోయినప్పుడు దూరం నుంచి చూశాను. నోట్లో నుంచి శ్వాస కూడా రాలేదు.

అడవిలో ఎలుగును చూసి నోరు మూసుకున్న నేను, జూలో దాన్ని మూడుసార్లు మోసం చేశాను. ఏమి తేడా? మధ్యలో కందకం ఉంది. అంతే. అది నన్ను ఏమీ చెయ్యలేదని తెలుసు. నాకు ధైర్యం వచ్చి అరవలేదు. కందకం ఉందని అరిచాను.

నా ఫోటో

అయినా ఈ సంగతి నాకు అప్పుడే అర్థం కాలేదు. అన్నం తిన్న తర్వాత అర్థమైంది.

మేము చెట్టు కింద కూర్చుంటే పక్కన ఒక కుటుంబం వచ్చి కూర్చుంది. ఆయన మంచిగా పలకరించాడు. "ఏ స్కూల్ బిడ్డా?" అన్నాడు. చెప్పాము. "ఓ, ట్రైబల్ స్కూలా. నువ్వేంది?" అంటే చెంచులము అని చెప్పాను. "చెంచోల్లా! ఇంక అడవిలనే ఉంటరా? మీ భాషల ఏదన్న మాట్లాడు" అన్నాడు. మా ఇంట్లో తెలుగే మాట్లాడుతాము అని చెప్పాను. ఆయనకు కొంచెం నిరాశ అయినట్టు అనిపించింది. "పోనీ, బాణం వేస్తున్నట్టు నిలబడు, ఒక ఫోటో" అన్నాడు.

నేను నిలబడ్డాను. ఒక చెయ్యి ముందుకు, ఒక చెయ్యి వెనక్కి. ఎందుకు నిలబడ్డానో నాకు తెలియదు. వద్దు అనవచ్చునని అప్పుడు తోచలేదు. ఆయన పిల్లలు నవ్వారు. తర్వాత నాకు ఒక బిస్కెట్ పొట్లం ఇచ్చాడు. తీసుకున్నాను. తిన్నాను కూడా.

ఆయన చెడ్డవాడు కాదు. నవ్వుతూనే మాట్లాడాడు. కానీ మేము కూడా ఎలుగు దగ్గర నవ్వుతూనే ఉన్నాము గదా! బిస్కెట్ నములుతుంటే నాకు గట్టు మీద ముక్కు ఎత్తి తిరిగిన ఎలుగు గుర్తుకు వచ్చింది. దాని తర్వాత నోట్లో బిస్కెట్ పిండి లాగా అయింది.

బడికి వచ్చినంక ఈ సంగతి సోషల్ మేడంకు చెప్పాను. మేడం నాకు ఒక నిజంగా జరిగిన సంగతి చెప్పింది. 1906వ సంవత్సరంలో అమెరికాలో న్యూయార్కు నగరంలో బ్రాంక్స్ జూ అనే చోట, కాంగో దేశపు అడవి నుంచి తెచ్చిన ఓటా బెంగా అనే మనిషిని కోతుల ఇంట్లో పెట్టి జనానికి చూపించారంట. మనిషిని! చూడడానికి వేలమంది వచ్చారంట. అక్కడి నల్లజాతి పాస్టర్లు ఇది తప్పు అని కొట్లాడితే అప్పుడు ఆపారు. ఆయన మళ్ళీ తన అడవికి పోలేకపోయాడు. 1916లో ప్రాణం తీసుకున్నాడు. ఆ జూను నడిపే సంస్థ 2020లో, అంటే 114 ఏండ్లకు, క్షమాపణ చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను ఆ మనిషితో నన్ను పోల్చుకోవడం లేదు. నాది ఒక్క ఫోటో. కానీ అక్కడ కూడా చూడడానికి వచ్చిన వాళ్ళు నవ్వుతూనే ఉండి ఉంటారు. వాళ్ళు కూడా టికెట్టు కొన్నాము అనుకొని ఉంటారు.

అయితే జూ వద్దా?

మా డార్మిటరీలో దీని మీద పెద్ద వాదన జరిగింది. ఒక అమ్మాయి "అయితే జూ మూసెయ్యాలె" అన్నది. ఇంకొక అమ్మాయి "ఎందుకు మూసుడు? వాటికి వేళకు తిండి, డాక్టరు, అన్నీ ఉన్నయి. మన హాస్టల్ లెక్కనే. మనకు కూడా గేటు ఉంది, గంట ఉంది, రెండో ఆదివారమే అమ్మానాయినలను చూడనిస్తరు" అన్నది. అందరూ పడి పడి నవ్వారు. నేను కూడా నవ్వాను. కానీ అది సరి కాదు. మనము దసరాకు ఇంటికి పోతాము. పది పాసై బయటికి పోతాము. మనల్ని చూడడానికి వచ్చేవాళ్ళు మనవాళ్ళు. అదీ తేడా.

నా అభిప్రాయం ఏమిటంటే జూ మూయవద్దు. రెండు కారణాలు చెప్తాను.

ఒకటి, మూషిక జింక. ఇది కుందేలంత ఉండే చిన్న జింక. మా అడవిలో ఒకప్పుడు ఉండేది, తర్వాత కనిపించకుండా పోయింది. 2010 నుంచి జూపార్కు వాళ్ళు, హైదరాబాదులోనే ఉన్న సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు కలిసి వీటిని పెంచారు. అవి పిల్లలు పెట్టి పెరిగినంక, 2017లో మా అమ్రాబాద్ అడవిలో వదలడం మొదలుపెట్టారు. తెచ్చి ఒక్కసారే వదిలెయ్యలేదు. మొదట కంచె లోపల ఉంచి, అడవి తిండికి, అడవి వాసనకు అలవాటు చేసి తర్వాత వదిలారు. ఈ పని జూ లేకుంటే ఎట్లా అవుతుంది?

రెండోది, మన విమానాశ్రయం చిరుత. అక్కలకు గుర్తుండే ఉంటుంది. 2024 ఏప్రిల్ చివర వేసవి సెలవుల్లో, మన శంషాబాద్ విమానాశ్రయం గోడ దగ్గర చిరుత కనిపించింది. ఈ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. 5 వేల ఎకరాలకు పైన ఉంటుంది. దానిలో గడ్డి, పొదలు, రాళ్ళు ఉన్నవి. చిరుతకు ఇది విమానాశ్రయం అని ఏమి తెలుసు? అంతకుముందు 2020 మే నెలలో, లాక్‌డౌన్ అప్పుడు, కాటేదాన్ దగ్గర నడిరోడ్డు మీద కూడా ఒక చిరుత పడుకుంది. అది కూడా ఈ రోడ్డు మీదనే. ఇక్కడి కొండలు, గుట్టలు మనకంటే ముందు వాటివి.

2024లో అటవీశాఖ వాళ్ళు బోన్లు పెట్టారు, కెమెరాలు పెట్టారు, మేకను ఎర వేశారు. మే 3న అది బోనులో పడింది. దాన్ని జూపార్కుకు తీసుకుపోయి డాక్టర్లతో చూపించి, తర్వాత మా నల్లమలలో వదిలిపెట్టారు. అప్పుడు నేను సెలవులకు పెంటలో ఉన్నాను. నేను అక్కడ, అది ఇక్కడ. జూన్‌లో బడి తెరిచినంక నేను ఇక్కడ, అది అక్కడ! ఈ మాట చెప్తే మా క్లాసు వాళ్ళు ఇప్పటికీ నన్ను ఆట పట్టిస్తారు.

అప్పుడు చాలామంది "జూలనే ఉంచితే మనం చూసేటోల్లం గదా" అన్నారు. చూసేవాళ్ళము, నిజమే. ఇరవై లెక్క పెట్టేలోపల "పండుకుంది, పా" అని పోయేవాళ్ళము.

కాబట్టి జూ అంటే చూపించే చోటు మాత్రమే కాదు. దెబ్బ తగిలినవాటిని బాగుచేసే చోటు, తగ్గిపోయినవాటిని పెంచే చోటు. వాళ్ళ పని వాళ్ళు చేస్తారు. మరి చూడబోయిన మన పని ఏమిటి? దాని గురించే ఎవరూ మాట్లాడరు.

మనుషుల వల్ల జరిగినవి

గోడ, కందకం, జాలీ ఇవి మనల్ని జంతువుల నుంచి కాపాడడానికి అనుకుంటాము. నిజానికి వాటిని మన నుంచి కాపాడడానికి కూడా. 2000 సంవత్సరం అక్టోబరులో ఇదే జూపార్కులో సఖి అనే ఆడపులిని రాత్రిపూట దాని గదిలోనే చంపి చర్మం ఒలిచారు. మా అడవిలో పులికి పారిపోవడానికి దారి ఉంటుంది. సఖికి లేదు. 2021లో కరోనా వచ్చినప్పుడు ఇక్కడి ఎనిమిది సింహాలకు కూడా కరోనా అని పరీక్షలో తేలింది. దేశంలో జంతువులకు వచ్చినట్టు తేలడం అదే మొదటిసారి. అవి బతికి బయటపడినవి. అప్పుడు జనాన్ని లోపలికి రానివ్వకుండా జూ మూసిపెట్టారు. దగ్గరికి పోవడం, తిండి విసరడం ఎందుకు వద్దంటారో దీనితో తెలుస్తుంది.

ఇంకొక సంగతి నాకు ఇంతకుముందు తెలియదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 38-జె అనే సెక్షన్ ఉంది. సైన్స్ మేడం చదివి చెప్పింది. జూలో జంతువును ఆటపట్టించడం, గాయపరచడం, తిండి పెట్టడం, చప్పుడు చేసి ఇబ్బంది పెట్టడం, చెత్త వెయ్యడం, ఇవన్నీ నేరములే. అంటే నేను చేసింది కూడా నేరమే. చప్పట్లు కొట్టిన వాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి అది తప్పు కాకుండా పోదు.

8వ తరగతి చెల్లెళ్ళకు నా మనవి

1. అరవకండి, ఈల వెయ్యకండి. పేరు పెట్టి పిలవకండి. పడుకున్నది పడుకోనివ్వండి.

2. ఏమీ విసరకండి. మన బెల్లం చిక్కి కూడా వద్దు. దానికి ఏమి పెట్టాలో అక్కడివాళ్ళకు తెలుసు.

3. చీకటి ఇంట్లో మన దగ్గర ఫోన్లు ఎట్లాగూ ఉండవు. వేరేవాళ్ళు లైటు వేస్తే "అన్నా, లైటు ఆపండి" అని అందరూ కలిసి అడగండి. మేడం ఒక్కతే అడిగితే వినలేదు. నలభైమంది అడిగితే వింటారు.

4. అన్నీ చూడాలని ఉరకకండి. 380 ఎకరాలు ఒక్క రోజులో కాదు. ఐదుగురు ఐదుగురు జట్లుగా ఏర్పడి, ఒక్కొక్క జట్టు ఒక జంతువు దగ్గర అరగంట కూర్చోండి. అది ఏమి చేస్తుందో నోటుబుక్కులో రాయండి. పడుకుంటే "పడుకుంది" అని రాయండి. చెవి కదిలితే అది రాయండి. దీనికి సైన్స్ మేడంను నేను ముందే అడిగాను, ఒప్పుకుంది.

5. మిమ్మల్ని ఎవరైనా "మీ డాన్సు చెయ్యండి, బాణం పట్టండి" అని ఫోటో అడిగితే, ఇష్టముంటే నిలబడండి. ఇష్టం లేకుంటే "వద్దండి" అనండి. మర్యాదగా అంటే తప్పు కాదు. కోయ అమ్మాయి అయినా, గోండు అమ్మాయి అయినా, లంబాడి అమ్మాయి అయినా, చెంచు అమ్మాయి అయినా అంతే. మనకు వద్దు అనడానికి నోరు ఉంది. ఎలుగుకు లేదు. అందుకే దాని తరఫున కూడా మనమే వద్దు అనాలి.

చివరి మాట

పోయిన రెండో ఆదివారం మా తాత, అమ్మ నన్ను చూడడానికి వచ్చారు. పొద్దుగాల శ్రీశైలం బస్సు ఎక్కి వచ్చారు. తాతకు జూపార్కు సంగతి చెప్పాను. కూత సంగతి కూడా చెప్పాను. తాత కొట్లాడుతాడేమో అనుకున్నాను. ఏమీ అనలేదు. కొంచెంసేపు అయినంక ఇట్లా అడిగాడు:

"దానికాడ చెదపుట్ట ఉందా?"

ఎలుగుకు పైన ముందటి పండ్లు రెండు ఉండవు. పెదవులు ముందుకు చాపి, పుట్ట తవ్వి, ఊది, చెదపురుగులను లోపలికి గుంజుకుంటుంది. ఆ చప్పుడు అడవిలో చాలా దూరం వినిపిస్తుంది. నేను విన్నాను. తాతకు ఎలుగు అంటే అదే. పుట్ట, ఇప్పపువ్వు, తేనె.

నేను చెప్పలేకపోయాను. పుట్ట ఉందో లేదో నాకు తెలియదు. నీళ్ళు ఎక్కడ ఉన్నవో, ఎక్కడానికి చెట్టు ఉందో లేదో ఏదీ తెలియదు. గంటలో నాల్గవ వంతు దాని ముందు నిలబడి, నేను ఏమీ చూడలేదు. అరుస్తూ ఉన్నాను.

తాత మళ్ళీ ఏమీ అడగలేదు. అమ్మ తెచ్చిన ఇప్పపువ్వు లడ్డూలు నా చేతిలో పెట్టాడు.

కావున 8వ తరగతి చెల్లెళ్ళారా, మీలో ఎవరికి గుడ్డెలుగు జట్టు వస్తే వాళ్ళు చప్పుడు చెయ్యకుండా కూర్చుని, అక్కడ పుట్ట ఉందా లేదా చూసి వచ్చి నాకు చెప్పండి. వచ్చే రెండో ఆదివారం లోపల చెప్పండి. మా తాతకు చెప్పాలి.

తప్పులుంటే క్షమించగలరు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి, 'బి' సెక్షన్